తల వెండ్రుకలు: ఘనమా, అవమానమా?

ధ్యానమునకు: 1 కొరింథీయులకు 11:2-16, లూకా 7:36-50



ఈ నెల మేము ఎత్తుకొన్న విషయము కొందరికి మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. ఏప్రిల్ 15 మొదలుకొని జూన్ 14 వరకు వేట నిషేధము. పడవలు ఒడ్డునెక్కి ఉన్నవి. రొయ్యల గుంటలలో తెగులు సోకి అప్పులపాలైన ఇండ్లు మన సంఘములో కొన్ని కలవు. ఇట్టి దినములలో పాస్టరుగారు జడలను గూర్చి, జుట్టు రంగులను గూర్చి వ్రాయుచున్నారేమని మీరు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. అయితే ఈ చిన్న విషయములో మేము ఒక పెద్ద తప్పు చేసితిమి. ఆ తప్పు వలన ఇద్దరు స్త్రీలు నొచ్చుకొనిరి. అందులో ఒకామె ఆరాధనకు వచ్చుటయే మానివేసెను. గనుక వ్రాయక తప్పదు.

గడచిన క్రిస్మసు పండుగకు, నెల్లూరులో నర్సింగు చదువుచున్న మన సంఘపు పిల్ల ఒకతె ఇంటికి వచ్చెను. వెళ్లినప్పుడు నడుము దిగిన జడ. వచ్చినప్పుడు భుజము దాటని జుట్టు. బస్సు దిగిన పిల్లను చూచి ఆమె నాయనమ్మ గుమ్మములోనే కూలబడి, "ఇంట్లో ఎవరు పోయినారని తీసేసినావే జడ?" అని ఏడ్చెను. పూర్వము కొన్ని కులములలో భర్త చనిపోయిన స్త్రీ తల గొరిగించెడివారు. ఆ క్రూరమైన ఆచారము పోయినను దాని నీడ మన ముసలివారి మనస్సులలో ఇంకను ఉన్నది. ఆడపిల్ల జుట్టు తగ్గినదనగా ఇంటికి కీడు వచ్చినదనియే వారికి తోచును.

పిల్ల చెప్పిన సంగతి ఇది. ఆసుపత్రిలో క్యాన్సరు వచ్చిన చిన్నబిడ్డలున్న వార్డులో ఆమెకు కొన్నాళ్లు పని పడెను. అక్కడ ఏడేండ్ల పాప ఒకతె తలకు చుట్టిన తువాలును స్నానమునకు కూడ తీయనిచ్చెడిది కాదట. మందుల వలన జుట్టు రాలిపోయిన అట్టి బిడ్డలకు విగ్గులు కుట్టించి యిచ్చు ఏర్పాటు ఉన్నదని తెలిసి, ఆమెయు హాస్టలులోని మరి ముగ్గురు పిల్లలును జడలు కత్తిరించి పంపిరి. ఇంతే జరిగినది.

సంఘపెద్దలు మా యొద్దకు వచ్చిరి. ఆడపిల్ల జుట్టు కత్తిరించుకొనుట లేఖనమునకు విరోధమనిరి. మిగిలిన పిల్లలు చూచి నేర్చుకొందురనిరి. మేము పిల్లను పిలిపించి, జుట్టు మరల పెరుగువరకు పాటల బృందములో నిలువవద్దని చెప్పితిమి. ఆమె కొంతసేపు తల వంచుకొని నిలిచి, తరువాత, "ఎన్నంగుళాలు పెరిగితే పాడొచ్చయ్యగారూ? కొలిచి చెప్పండి" అనెను.

మా యొద్ద జవాబు లేదు. జవాబు లేనప్పుడు పెత్తనము గలవారు చేయు పనినే మేమును చేసితిమి. గద్దించి పంపివేసితిమి. అంతటితో ఊరకుండక, జనవరి మొదటి ఆదివారమున కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయము తీసి, స్త్రీ తల గొరిగించుకొనుట అవమానమని గట్టిగా ప్రసంగించితిమి. ఎవరి పేరును చెప్పలేదు. చెప్పనక్కరయు లేకపోయెను.

ఇక్కడ మా సొంత తల సంగతి కూడ ఒప్పుకొనవలెను.

మాకు నలుబది దాటినవి. చెవుల ప్రక్కన తెల్లబడినది. అంతకు కొన్ని నెలల ముందు బంధువుల యింట పెండ్లి వచ్చినప్పుడు, ఫోటోలలో ముసలివానివలె కనబడుట ఇష్టములేక, అంగడిలో దొరకు నల్లరంగు పొట్లము తెచ్చి రహస్యముగా వేసికొంటిమి. తెల్లవారేసరికి నుదురు వాచి కండ్లు మూసుకొనిపోయినవి. అనేక నల్లరంగులలో పారా ఫినైలిన్ డయమైన్ అను రసాయనము ఉండుననియు, పడనివారికి దద్దుర్లు, వాపు వచ్చుననియు డాక్టరు చెప్పెను. నల్ల గోరింటాకు అని అమ్మెడి పొడులలోను కొన్నిట అదే కలుపుదురట. మా యింటివారు నవ్వి, పెరటిలోని గోరింటాకు రుబ్బి పెట్టిరి.

గోరింటాకులోని ఎర్రని రంగు వెండ్రుకలో ఉండు కెరటిన్ అను పదార్థమును పట్టుకొనును. ఒంటిగా వేసినయెడల ఎరుపు వచ్చును. దానిమీద నీలి ఆకు పొడి పెట్టినయెడల నలుపు తిరుగును. ఈ నీలి మన సీమకు క్రొత్తది కాదు. 19వ శతాబ్దములో నెల్లూరు, కడప ప్రాంతములలో నీలిమందు విరివిగా పండించి, ఆకును తొట్లలో ఊరబెట్టి, ఉండలు చేసి ఎగుమతి చేసెడివారు. 1897లో జర్మనీ దేశస్థులు కృత్రిమ నీలిని బజారులోనికి తెచ్చిన తరువాత ఆ సేద్యము క్షీణించినది. గోరింటాకుతోను నీలితోను రంగు వేసికొనుట ఒంటికి కొంత మేలే. అయినను పడనివారు వాటికిని కలరు గనుక, ముందు మోచేతి మడతలో కొంచెము రాచి ఒక దినము చూడవలెను.

రంగు వేసికొనుట పాపమా? మత్తయి 5:36లో ఒక వెండ్రుకనైనను తెలుపుగానో నలుపుగానో చేయు శక్తి మనకు లేదని ప్రభువు చెప్పినమాట కొందరు ఎత్తిచూపుదురు. అది ఒట్టు పెట్టుకొనుటను గూర్చి చెప్పిన మాట, రంగును గూర్చినది కాదు. మన ప్రాణము మన చేతిలో లేదు గనుక మన తలతోడని ఒట్టు పెట్టుకొనవద్దని దాని భావము. ఆ కాలమందును రంగు వేసికొనువారు ఉండిరి. హేరోదు రాజు వయస్సు దాచుటకు జుట్టు నల్లగా చేసికొనెనని అతని కుమారుడే ఎత్తిపొడిచినట్లు యూదుల చరిత్రకారుడు జోసీఫసు వ్రాసెను. ముసలివాడని తెలిసినయెడల సింహాసనము కదలునని అతనికి భయము.

మన సంఘములో ఏబది దాటిన కూలివాడొకడు కూడ రంగు వేయును. వేషమెందుకని మేము ఒకప్పుడు అతని ఎగతాళి చేసితిమి. అతడు, "తెల్ల తలకాయ కనపడితే మేస్త్రి బండెక్కించుకోడయ్యగారూ. ఆ పూట పొయ్యి వెలగదు" అనెను. హేరోదు సింహాసనము కొరకు నల్లబరచుకొనెను. ఈ కూలివాడు కూటి కొరకు నల్లబరచుకొనుచున్నాడు. మేము పెండ్లి ఫోటోల కొరకు నల్లబరచుకొంటిమి. రంగు ఒక్కటే, కారణములు మూడు. మనుష్యుడు తలను చూచును. దేవుడు ఆ తలలోని ఆలోచనను చూచును. నీతిమార్గములో నెరిసిన తల కిరీటమువంటిదని సామెతల గ్రంథము 16:31 నేర్పుచున్నది. ఆ కిరీటమును దాచుకొనుటలో మాకు వ్యర్థమైన సిగ్గు తప్ప మరేమియు లేదు.

అయితే మేము చెప్పదలచినది ఇంకొకటి. వాచిన నుదురుతో మేము బలిపీఠము వద్ద నిలిచినప్పుడు మమ్మును ఎవరును దిగుమనలేదు. అదే అధ్యాయము 14వ వచనములో పురుషుని జుట్టును గూర్చియు మాట కలదు. మన యౌవనస్థుల తలలపై ఎన్నెన్ని వింత కత్తిరింపులున్నవో మీరెరుగుదురు. వారిలో ఒక్కడైనను పాటల బృందములోనుండి తొలగింపబడలేదు. తన కొరకు కాక పరుల కొరకు తల మార్చుకొన్నది ఆ పిల్ల ఒక్కతెయే. తొలగింపబడినదియు ఆమెయే.

మార్చి నెలలో, రెండు నెలలుగా ఆరాధనకు రాని ఒక సహోదరిని చూడబోతిమి. సరుగుడు తోపు అవతల, సముద్రపు గట్టున ఆమె యిల్లు. భర్త వేటకు పోవును. ఇద్దరు బిడ్డలు. రొమ్ము క్యాన్సరునకు ఆమె చెన్నై అడయారులోని క్యాన్సర్ ఇనిస్టిట్యూటులో చికిత్స పొందుచున్నది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారి పూనికతో 1954లో ఏర్పడిన ఆ ఆసుపత్రికి మన తీరములోని బీదలు ఎందరో నెల్లూరులో రైలెక్కి పోవుదురు.

ఆమెకు ఎక్కించు మందుల పని ఎట్టిదో తెలిసినంత చెప్పుదుము. క్యాన్సరు కణములు త్వరత్వరగా పెరుగును. ఆ మందులు త్వరగా పెరుగు కణములను పట్టి చంపును. వెండ్రుకల కుదుళ్లలోని కణములును త్వరగా పెరుగునవే గనుక, అవియు దెబ్బతినును. చికిత్స మొదలైన రెండు మూడు వారములకు దువ్వెన పెట్టినచోటనెల్ల కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చును. అన్ని మందులకు ఇట్లు జరుగదు గాని, కొన్నిటికి తప్పదు. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు సాధారణముగా మరల మొలచును. ఇది రోగము ముదిరినదనుటకు గుర్తు కాదు. ఎవరి పాపమునకు శిక్షయు కాదు.

మేము పోయినప్పుడు ఆమె లోపలి చీకటిలో తలనిండ చెంగు కప్పుకొని కూర్చుండి యుండెను. ఆరాధనకు రాకపోవుటకు ఒంటి నీరసమే కారణమని మేము తలంచితిమి. ఆమె చెప్పినది మరియొకటి.

"గుండు చూసి, కొండకు పొయ్యి మొక్కు తీర్చుకోనొచ్చినావా అని బజార్లో అడిగినారయ్యగారూ. బజారోళ్లు అడిగితే నాకు బాధ లేదు. మన సంఘంలో ఒకామె, రోగమొచ్చేసరికి ప్రభువును వదిలేసినావా అనింది."

తిరుమలకు ఇంత దగ్గరగా ఉన్న మన ప్రాంతములో, గుండుతో ఉన్న స్త్రీని చూచిన ప్రతివానికి ముందుగా తోచు తలంపు అదియే. ఒక విశ్వాసురాలికి అది ఎంత బరువో మేము అప్పటివరకు ఆలోచింపలేదు. ఆ మాట అన్న స్త్రీ ఎవరో కనుగొని బుద్ధి చెప్పుదుమని మేము అంటిమి. ఆమె తల అడ్డముగా ఊపెను.

"ఆడదాని తల గొరిగితే అవమానమని మీరే కదయ్యా చదివినారు. ఆ ఆదివారం నేను వెనకాల తలుపుకాడ కూచోనున్నాను."

ఆ పిల్లకు గురిపెట్టి మేము వేసిన రాయి తగిలినది ఈమెకు. మేము ఆమెను చూడనైనను లేదు. ఆ సాయంకాలము గట్టు మీద నడిచి వచ్చుచుండగా, పిల్ల అడిగిన ప్రశ్న మాకు మరల వినబడెను. ఎన్నంగుళాలు? ఈ సహోదరి తల మీద ఒక్క అంగుళమైనను లేదు. మా కొలత చొప్పున ఆమె గుడి గుమ్మములో కూర్చుండుటకైనను తగదు.

ఇంటికి వచ్చి ఆ పదకొండవ అధ్యాయమును మరల చదివితిమి. సెమినరీలో చదివిన దానినే క్రొత్తగా చదివినట్లుండెను.

మొదటిది, పౌలు అక్కడ ఆరాధనలో స్త్రీ తల కప్పుకొనుటను గూర్చి, కొరింథు పట్టణములో దేనిని అవమానముగా ఎంచుదురో దానిని గూర్చి వాదించుచున్నాడు. స్త్రీ ప్రార్థించుటయు ప్రవచించుటయు అక్కడ జరుగుచునే ఉన్నవి. ఆమె నోరు మూయించుటకు ఆ మాట వ్రాయబడలేదు. చివరకు 13వ వచనములో తీర్పును సంఘస్థుల సొంత వివేచనకే అప్పగించెను. జుట్టు ఎంత పొడవుండవలెనో అంగుళములలో చెప్పలేదు.

రెండవది, ఈ పత్రిక వ్రాసిన పౌలే, అపొస్తలుల కార్యములు 18:18 ప్రకారము, మ్రొక్కుబడి యున్నందున కెంక్రేయలో తల వెండ్రుకలు కత్తిరించుకొనెను. కెంక్రేయ ఎక్కడ ఉన్నది? కొరింథు పట్టణపు రేవు అది. మన కృష్ణపట్నము వంటిది. నాజీరు వ్రతము ముగిసినవారు, సంఖ్యాకాండము ఆరవ అధ్యాయము ప్రకారము, తల గొరిగించుకొని ఆ వెండ్రుకలను సమాధానబలి క్రింద ఉన్న అగ్నిలో వేయవలెను. కాబట్టి వెండ్రుకలు కోయుట అన్నివేళల అవమానము కాదు. అర్పణయు కావచ్చును. అబ్షాలోము వెండ్రుకలు కోసినప్పుడెల్ల తూచి చూచెను. 2 సమూయేలు 14:26లో ఆ తూకము రెండు వందల తులములని ఉన్నది. కోయుట ఇద్దరును చేసిరి. అబ్షాలోము తన అందమును తూచుకొనెను. నాజీరుడు తన మాటను చెల్లించెను.

మూడవది మమ్మును ఎక్కువగా పట్టుకొన్నది. స్త్రీకి వెండ్రుకలు దేనిగా ఇయ్యబడినవని 15వ వచనము చెప్పుచోట, మన తెలుగు బైబిలు పైటచెంగు అను మాట వాడినది. మన ఊరి స్త్రీలకు పైటచెంగు ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. అది తన్ను కప్పుకొనుటకే కాదు. ఎండలో చంకనున్న బిడ్డ తలమీద కప్పునది అదే. ఏడ్చు బిడ్డ ముక్కు తుడుచునది అదే. వేడిగిన్నె దించునది అదే. చేపలమ్మిన డబ్బులు ముడివేయునది అదే. వాన పట్టుకొన్నప్పుడు ప్రక్కనున్న పిల్ల తన బిడ్డయా పరుల బిడ్డయా అని చూడక చెంగు చాచు తల్లులను మనము ఎరుగుదుము. చెంగు చాచినందున ఆమె మానము పోయెనని ఎవరైన అందురా? తన ఘనమును మరియొక తలకు కప్పినప్పుడే అది నిజమైన పైటచెంగు అయినది. ఆ పిల్ల చేసినది ఇదే కాదా?

లూకా ఏడవ అధ్యాయములోని స్త్రీని చూడుడి. ఆ దేశములో స్త్రీ పరపురుషుల యెదుట జుట్టు విప్పుట సిగ్గుమాలిన పని. ఆమె పరిసయ్యుని భోజనపు బల్ల యొద్ద జుట్టు విప్పి ప్రభువు పాదములు తుడిచెను. తన ఘనమును తువాలుగా చేసెను. ఇంటివాడైన సీమోను మర్యాదను కొలిచెను. ప్రభువు ప్రేమను కొలిచెను. ఆ గదిలో మేము ఎవరి ప్రక్కన కూర్చుండి యుందుమో మాకు ఆ రాత్రి తెలిసెను.

సంఘములో జుట్టును గూర్చిన తగవు ఇది మొదటిది కాదు. మన పూర్వులు రక్షణలోనికి వచ్చిన దినములలో పురుషులకు పిలక ఉండెడిది. బాప్తిస్మము పొందగోరువాడు పిలక కోయవలెనా అని దక్షిణదేశపు మిషనరీలు తర్కించుకొనిరి. అది అన్యమతపు గుర్తని కొందరు పట్టుబట్టిరి. తిరునెల్వేలి ప్రాంతమున పనిచేసిన రాబర్ట్ కాల్డ్వెల్ 1867లో పిలకను గూర్చియే ఒక వ్యాసము వ్రాసి, అది ఈ దేశస్థుల ఆచారమే గాని విగ్రహారాధన కాదని వాదించెను. అప్పుడు కోయనివానిని అనుమానించిరి. ఇప్పుడు కోసినదానిని అనుమానించుచున్నాము. తల మారుచున్నది గాని అనుమానము మారలేదు.

మన పెద్దలలో ఒకరు, మంచి మనస్సుతోనే, ఇంకొక ప్రశ్న వేసిరి. "ఆ సహోదరికి ఎవరైన విగ్గు ఇప్పించినను, అది కొండ మీద ఇచ్చిన తలనీలాలతో చేసినదేమో. విశ్వాసి దానిని పెట్టుకొనవచ్చునా?" అనిరి. ఇది తేలికగా త్రోయదగిన ప్రశ్న కాదు. తిరుమల కల్యాణకట్టలో ప్రతిదినము వేలమంది సమర్పించు తలనీలాలను దేవస్థానమువారు వేలము వేయుదురు. అవి వర్తకుల ద్వారా విగ్గులుగాను సవరములుగాను ప్రపంచమంతట అమ్ముడగును. ఇంటింటికి తిరిగి చిక్కు వెండ్రుకలకు స్టీలు గిన్నెలు ఇచ్చువారు కొన్న సరకును ఆ వర్తకములోనికే పోవును. ఒక విగ్గులో ఎవరి వెండ్రుకలున్నవో చెప్పుట కష్టము.

ఇదే ప్రశ్న 2004లో యూదులకును వచ్చెను. వారిలో నిష్ఠగలవారి వివాహిత స్త్రీలు జుట్టు కప్పుకొందురు. అనేకులు అందుకు విగ్గు ధరింతురు. తిరుమల తలనీలాలు విగ్రహారాధనలో భాగమని ఎంచి, అట్టి విగ్గులు ధరింపరాదని యెరూషలేములోని రబ్బీ ఎల్యాషీవు ఆ సంవత్సరము తీర్పు చెప్పెను. న్యూయార్కులోని బ్రూక్లిన్ వీధులలో విగ్గులు కుప్పవేసి కాల్చిరి. మనస్సాక్షి కొరకు విలువగల వస్తువును కాల్చుకొన్నవారిని మేము ఎగతాళి చేయము.

అయితే మనకు పౌలు మాట కలదు. విగ్రహములకు అర్పించిన మాంసమును గూర్చి అదే పత్రిక ఎనిమిదవ, పదవ అధ్యాయములలో ఆయన తేల్చినది ఏమనగా, విగ్రహము వట్టిది, భూమియు దానిలోని సమస్తమును ప్రభువువి, గనుక అంగడిలో అమ్మునది ఆరా తీయక కొని తినవచ్చును. బలహీనుడైన సహోదరుడు తొట్రిల్లునట్లయితే అతని కొరకు మానుకొనవలెను. ఇక్కడ బలహీనురాలు ఎవరు? ఆరోగ్యముగా ఉండి ప్రశ్న వేయుచున్న మనమా, చీకటిలో చెంగు కప్పుకొని కూర్చున్న ఆమెయా? ఆమె మనస్సాక్షి ఒప్పుకొనినయెడల పెట్టుకొననిండు. ఒప్పుకొననియెడల ఉత్త తలతోనే రానిండు. రెండింటిని గౌరవించుట మన పని. మరియు మన పొరుగువారి మ్రొక్కుబడిని హేళన చేయవద్దు. మన నమ్మిక వేరు. అయినను తన తల వంచి ఇచ్చినవాని మనస్సు దేవునికి తెలియును.

ఈ దానమును గూర్చి కొన్ని సంగతులు తెలియవలెను. అమెరికాలో 1997లో లాక్స్ ఆఫ్ లవ్ అను సంస్థయు, ఇంగ్లండులో 2006లో లిటిల్ ప్రిన్సెస్ ట్రస్టును జుట్టు పోయిన బిడ్డల కొరకు ఏర్పడినవి. మన దేశములోను ఇట్టి పని చేయువారు కలరు. సాధారణముగా పది పండ్రెండు అంగుళములకు తక్కువ కాని జుట్టును అడుగుదురు. శుభ్రముగా కడిగి, బాగుగా ఆరబెట్టి, జడవేసి లేక కట్టి, ఆ కట్టుకు పైన కోయవలెను. నేలరాలిన వెండ్రుకలు పనికిరావు. రసాయనములతో రంగు తీసివేసిన జుట్టును అనేకులు తీసికొనరు. గోరింటాకు పెట్టినదానిని సహా కొందరు వద్దందురు గనుక ముందుగా అడుగవలెను. ఒక విగ్గునకు ఒక్కరి జడ చాలదు. అనేకుల జడలు కలియవలెను. వెండ్రుక నెలకు అర అంగుళము చొప్పున పెరుగును. కాబట్టి పండ్రెండు అంగుళముల జడ అనగా రెండు సంవత్సరముల పెరుగుదల.

ఆ రెండు సంవత్సరములు ఎవరివి? ఈ ప్రశ్న నాయనమ్మ వేసినది. మేము ఆమెను ఓదార్చబోగా, "ఆ జడ దానిదొక్కదానిదే కాదయ్యా. ఆముదం పెట్టి, కుంకుళ్లు కొట్టి, పేలు తీసి నేను పెంచినాను. నన్నొక మాట అడగొద్దా?" అనెను. ఇది కూడ న్యాయమే. యౌవనస్థులారా, మీ తల మీద మీకు హక్కు కలదు. అయినను ఆ తలను దువ్విన చేతులను మరువకుడి. పిల్ల ఆ మాట విని నాయనమ్మ పాదముల యొద్ద కూర్చుండి క్షమాపణ వేడుకొన్నది. కోసినందుకు కాదు, చెప్పక కోసినందుకు.

మరి రెండు మాటలు. ఈ దానము క్రొత్త డంబముగా మారకూడదు. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియరాదని ప్రభువు నేర్పగా, కోసిన జడను ఫోటో తీసి ఊరంతటికి సెల్‌ఫోనులో పంపుట ఎందుకు? అట్లే ఏ పిల్లనైనను, ఆమె ఇయ్యలేదు గదా నీవు ఇమ్మని బలవంతము చేయరాదు. జడను ప్రేమించి పెంచుకొను పిల్లయు దేవుని బిడ్డయే. ఇక కూటికి లేక జుట్టు అమ్ముకొనిన పేదరాలు ఉన్నయెడల, ఆమెను ఇచ్చినవారికంటె తక్కువగా చూడరాదు.

ఈస్టరు ఆదివారమున మేము ప్రసంగమునకు ముందు సంఘము యెదుట నిలిచి మా తప్పు ఒప్పుకొంటిమి. పిల్ల పేరు చెప్పి, పాటల బృందములోనికి రమ్మని పిలిచితిమి. ఆమె వచ్చి నిలిచెను. జుట్టు అప్పటికి రెండంగుళములైనను పెరిగి యుండదు. ఆమె మా వైపు చూడలేదు. అది కూడ మాకు తగినదే.

ఆ సహోదరి కూడ ఆ దినమున వచ్చెను. మేము రెండు సార్లు, మా యింటివారు అనేక సార్లు పోయి పిలువగా వచ్చెను. విగ్గు లేదు. పిల్ల పంపిన జడ ఈమెకు రాలేదు. ఎవరి తలకు పోయెనో ఎవరికిని తెలియదు, తెలియనక్కరలేదు. తలనిండ చెంగు కప్పుకొని, మునుపటివలెనే వెనుక తలుపు యొద్ద చాపమీద కూర్చుండెను. ఒక పాట ముగిసిన తరువాత, ముందు వరుసలో నలుబది సంవత్సరములుగా కదలక కూర్చుండు ఆ నాయనమ్మ లేచి, కర్ర ఊతగా వెనుకకు పోయి ఆమె ప్రక్కన చతికిలబడెను. ఆమె చెవిలో ఏమో అనెను. సహోదరి చెంగు కొంచెము జరిపి తల చూపెను. ముసలామె వ్రేలితో తడిమి చూచి, "మొలుస్తాంది లేమ్మా" అని అందరికి వినబడునట్లే చెప్పెను. పిల్లలు నవ్విరి. సహోదరియు నవ్వెను. ఆమె చికిత్స ఇంకను ముగియలేదు. మీ ప్రార్థనలలో ఆమెను జ్ఞాపకము చేసికొనుడి. వీలైనవారు ఆమె చెన్నై పోవు దినములలో బిడ్డలకు అన్నము పెట్టుడి. జడ ఇయ్యలేనివారు ఇయ్యగల దానము అది.

మనిషి తల మీద ఇంచుమించు లక్ష వెండ్రుకలుండును. అందులో ఏబది మొదలు నూరు వరకు ప్రతిదినము మనకు తెలియకయే రాలును. వాటి లెక్క దేవుని యొద్ద ఉన్నదని ప్రభువు చెప్పెను. రాలినవాటిని లెక్కించువాడు, ఇచ్చినవాటిని లెక్కించడా? మందుల వలన ఊడిపోయిన ప్రతి వెండ్రుకయు ఆయన లెక్కలో ఉన్నది. లెక్కించు పని ఆయనది. కప్పు పని మనది.

ప్రార్థింతము: పరలోకమందున్న తండ్రీ, మేము కొలిచిన కొలతలను క్షమించుము. సిగ్గుతో ఇంట కూర్చున్నవారిని మా మధ్యకు నడిపించుము. నీవు మాకిచ్చిన ఘనమును ఇతరుల తలలకు చెంగుగా చాచు మనస్సు మాకిమ్ము. పాపాత్మురాలి కన్నీళ్లను, విప్పిన జుట్టును త్రోసివేయని నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.